రెండు పక్కటెముకలు

ఆదివారం ఉదయం ఏడున్నర బస్సులో వెనక సీటు విజిల్ మేడమ్‌ది. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆమె మోసుకొచ్చే నల్ల సంచి మరెక్కడా పట్టదు. ఆ సంచిలో నడుము వరకే ఉన్న రబ్బరు మనిషి ఉంటాడు. జిప్పు సగంలోనే మొరాయించడంతో తల బయటికి వేలాడుతూ ఉంటుంది. మొదట్లో పక్కన కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడేవారు. ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. కండక్టరు మాత్రం వారం వారం అదే హాస్యం ఆడతాడు.

"ఏం మేడమ్, సారుకి ఒంట్లో ఎలా ఉంది?"

"ఊపిరాడటం లేదు," అంటుంది ఆమె.

"మీ చేతిలో పడ్డాక ఎలా ఆడుతుంది లెండి."

బస్సులో నలుగురు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. వారం మొత్తం మీద పని గురించి కాకుండా ఒక మనిషి ఎదురుగా నిలబడి ఆమెతో మాట్లాడేది ఆ రెండు ముక్కలే.

ఆమెకి నలభై మూడేళ్లు. తొమ్మిదో ఏట అమ్మ పోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. ఎనిమిదేళ్లు పెద్దదైన అక్క చదువు మానేసి, స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనికి చేరి చెల్లెల్ని పెంచింది. ఊరికే పెంచడం కాదు, తల దువ్వి, జ్వరమొస్తే పక్కన కూర్చుని, స్కూల్లో టీచరు తిడితే వెళ్లి దెబ్బలాడి పెంచింది. చెల్లెలు చూస్తుండగానే గుమ్మం అంత ఎత్తు ఎదిగింది. స్కూల్లో నిచ్చెన అని పిలిచేవారు. నిచ్చెనకి బాస్కెట్‌బాల్ దొరికింది. ఇరవై నాలుగో ఏట మోకాలు మెలితిరిగి ఆట పోయేదాకా ఆడింది. ఆ తర్వాత అదే క్లబ్బులో ఆడపిల్లలకి కోచ్‌గా చేరింది. నోరు మెదపకుండా విజిల్ ఊదే పని కానిచ్చేది. 'దీనికి నోటితో కన్నా విజిల్‌తోనే ఎక్కువ మాటలొచ్చు' అని అక్క నవ్వేది. విజిల్ మేడమ్ అని పిల్లలు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

పెళ్లి మాట రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లూ చెప్పులు విడవకుండానే వెనక్కి పోయింది. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకి అక్క ఇల్లు ఉంది. సైకిలు షాపు మీద తన ఒంటిగదిలో వారమంతా ఎలాగోలా గడిపినా, ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం. బావ బస్సు డిపోలో మెకానిక్. ఎంత రుద్దినా వేళ్ల సందుల్లో నల్లగా గ్రీజు మిగిలిపోయే చేతులతో మరదలికి కంచం పెట్టేవాడు. పెళ్లైన తొమ్మిదేళ్లకి పుట్టిన ఒక్కగానొక్క కూతురు వాళ్లకి. పుట్టినప్పటినుంచి నోరు మూతపడదు కాబట్టి దాన్ని గిలక అనేవారు.

గిలకని తొమ్మిదో ఏట క్లబ్బుకి తీసుకొచ్చింది పిన్నే. అక్క మొదట వద్దంది. "మోకాలు పోగొట్టుకున్నది నువ్వొక్కదానివి చాలదూ?" అంది. చివరికి ఒప్పుకుంది. కోర్టులో అడుగుపెట్టిన రోజే పిన్ని ఒక షరతు పెట్టింది. ఇంట్లో పిన్నిని, ఇక్కడ మేడమ్‌ని, ఇక్కడ నువ్వు అందరిలో ఒకదానివి. గిలక ఆ షరతుని ఆరేళ్లు తు.చ. తప్పకుండా పాటించింది. పదిహేనేళ్లు వచ్చేసరికి జట్టంతా దాని చుట్టూ తిరిగేది. బంతితో కోర్టు ఈ చివరనుంచి ఆ చివరికి వెళ్తూ కూడా మాట్లాడుతూనే ఉండేది.

ఆ ఏడాదే క్లబ్బు కార్యదర్శి ఓ కాగితం అంటించాడు. కోచ్‌లందరూ ప్రథమ చికిత్స నేర్చుకుని రావాలి, లేకపోతే పిల్లల దగ్గరికి పంపం అని. అందరూ గొణుక్కున్నారు. ఆమె కూడా గొణుక్కుంది.

నేర్పించింది ముప్ఫయ్యేళ్లు అంబులెన్సులో పనిచేసి రిటైరైన పెద్దాయన. అందరూ అంబులెన్సు మాస్టారు అంటారు. సైరన్ మోతకి చెవులు మొద్దుబారి, ఎదుటివాళ్లకి కూడా వినపడదేమో అన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. కట్లూ మందులూ తరవాత, ముందు ఇది చెప్పండి అంటూ ఫుట్‌బాల్ కోచ్‌ని లేపాడు.

"మీ గ్రౌండు గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"వాచ్‌మన్ దగ్గరండి."

"ఇప్పుడు అతనెక్కడున్నాడు?"

"టీకి పోయి ఉంటాడండి."

"అయితే మీ దగ్గర ఆడే పిల్లాడు గుండె ఆగి పడిపోతే, వాచ్‌మన్ టీ అయ్యేదాకా ఓపిక పట్టమని చెప్పండి."

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. తర్వాత ఆయన అందరిచేతా తమ తమ గ్రౌండు పటం గీయించాడు. గేటు ఎక్కడ, ఫోన్ ఎవరు చేస్తారు, అంబులెన్సుకి ఎవరు ఎదురెళ్తారు, గుండెకి షాకిచ్చే పెట్టె ఏ గోడకి ఉంది. తమ పక్కనే ఉన్న ఈతకొలను ఆఫీసులో అలాంటి పెట్టె ఒకటి ఉందని ఆమెకి ఆ రోజే తెలిసింది. పదిహేనేళ్లుగా దాని పక్కనుంచే నడుస్తోంది.

రబ్బరు మనిషి దగ్గర ఆమె వంతు వచ్చింది. ముప్ఫైసార్లు నొక్కి లేచింది.

"నువ్వు నొక్కటం లేదమ్మా, నిమురుతున్నావ్," అన్నాడు మాస్టారు. ఆ రోజు తప్పింది ఆమె ఒక్కతే. పౌరుషం వచ్చి మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లింది. అక్క ఇంట్లో భోజనం మానేసి మరీ వెళ్లి, చేతులు లాగేసేదాకా నొక్కి, పాసయ్యి వచ్చింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు సాధన మధ్యలో గిలక పక్కకి వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"మేడమ్, పరిగెత్తితే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. కళ్లు కూడా తిరిగాయి."

"పొద్దున ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు."

"మరి తిరగవా? నీళ్లు తాగి రా. అందరికంటే రెండు రౌండ్లు ఎక్కువ కొట్టు, ఇంకోసారి తినకుండా రావు."

గిలక రెండు రౌండ్లూ కొట్టింది. కోర్టులో ఆమె మేడమ్. మేడమ్‌తో ఎదురు మాట్లాడకూడదు.

పదమూడు రోజుల తర్వాత, సాయంత్రం ఐదు దాటాక, గిలక బంతి పట్టుకుని పరిగెడుతూ పరిగెడుతూ, ఎవరూ తగలకుండానే ముందుకి పడిపోయింది. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. బంతి దొర్లుకుంటూ గోడ దాకా వెళ్లింది. కాలు జారిందనుకుని ఇద్దరు పిల్లలు నవ్వారు కూడా. ఆమె మాత్రం అప్పటికే పరుగెత్తుతోంది. తిప్పి పడుకోబెట్టి భుజాలు తట్టి పిలిచింది. గిలక నోరు తెరుచుకుని, ఒడ్డున పడ్డ చేపలా ఒకసారి గాలి ఎగపీల్చింది. 'ఊపిరి పీలుస్తోంది మేడమ్' అని ఎవరో అన్నారు. అది ఊపిరి కాదు, ఊపిరి పోతూ చేసే చప్పుడు అని మాస్టారు చెప్పింది ఆమెకి గుర్తుంది.

ఆ రోజు విజిల్ ఊదలేదు. ఒక్కొక్కరినీ వేలితో చూపించి చెప్పింది. నువ్వు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. నువ్వు వెళ్లి గేటు తీయించి అక్కడే నిలబడు. నువ్వు ఈతకొలను ఆఫీసులో గోడకున్న ఎర్ర పెట్టె పట్టుకురా, పరుగెత్తు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని తను ఎత్తుకుని పెంచిన పిల్ల గుండెల మీద రెండు చేతులూ పెట్టి తన బరువంతా వేసింది. పన్నెండో నొక్కుకి అరచేతి కింద ఏదో పుటుక్కుమంది. ఆపలేదు. ఇరవై దాటాక ఇంకోటి. ఆపలేదు. పెట్టె వచ్చింది. బనీను కత్తిరించి, చెమట తుడిచి, పెట్టెలోని రెండు పట్టీలు ఛాతీకి అంటించింది. ఎవరూ ముట్టుకోవద్దని పెట్టె చెప్పింది. గిలక ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది. మళ్లీ నొక్కింది. గేటు దగ్గర సైరన్ వినపడేసరికి గిలక చెయ్యి కదిలి, ఆమె మణికట్టుని పట్టుకుని పక్కకి తోసింది. నొప్పికి తోసింది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అక్కనీ బావనీ కూర్చోబెట్టి చెప్పాడు. పుట్టుకతోనే గుండె కండరం మందంగా ఉంది, ఇన్నాళ్లూ బయటపడలేదు, కోర్టులో ఈవిడ చేసిన పనే పిల్లని నిలబెట్టింది, రెండు పక్కటెముకలు విరిగాయి గానీ అవి అతుక్కుంటాయి అని. బావ మరదలి భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మూడు రోజులు అలా గడిచాయి.

నాలుగో రోజు గిలక సర్దుకుని కూర్చుంది. కుర్ర డాక్టరు ఒకాయన కాగితాల్లో రాసుకుంటూ అడిగాడు, ఇంతకు ముందెప్పుడైనా ఇలా అనిపించిందా అని.

"రెండు వారాల కింద అనిపించింది. మేడమ్‌కి చెప్పాను," అంది గిలక.

పిన్ని మంచం పక్కన కూర్చుని ఆపిల్ చెక్కు తీస్తోంది. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. డాక్టరు రాసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వరండాలో అక్క అడిగింది.

"నీకు చెప్పిందట కదే."

"చెప్పింది."

"నువ్వేమన్నావ్?"

"తినకుండా వచ్చావ్ కదా, అందుకే అన్నాను. రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించాను."

అక్క తిట్టినా, చెంప పగలగొట్టినా ఆమెకి ప్రాణం తేలికపడేది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత ఎవరూ తలుపు మూయలేదు. తెరవలేదు, అంతే. 'ఈ ఆదివారం వద్దులేవే, అది పడుకుంటోంది' అంది అక్క. పై ఆదివారం ఆసుపత్రికి వెళ్లాలంది. ఆ పై ఆదివారం ఫోన్ రాలేదు. ఈమె కూడా చెయ్యలేదు. గిలక ఛాతీలో, గుండె లయ తప్పితే షాకిచ్చే చిన్న మిషన్ ఒకటి అమర్చారనీ, ఇక ఆడకూడదన్నారనీ క్లబ్బులో పిల్లల ద్వారా తెలిసింది. రెండు నెలలకి గిలక వాళ్ల నాన్నతో కలిసి తన బూట్లు తీసుకుపోవడానికి వచ్చింది. కోర్టు వైపు చూడలేదు. సామాన్ల గది దగ్గర పిన్ని ఎదురుపడితే, పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంకా నొప్పిగానే ఉంది పిన్నీ," అంది.

కోర్టు ఆవరణలో దాని నోట పిన్ని అనే మాట రావడం అదే మొదటిసారి. మోయలేని బరువేదో మీద పెట్టినట్టు ఆమె నిలబడిపోయింది. బావ 'వస్తామమ్మా' అని కూతురి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లాడు.

ఆ నెలాఖరుకి ఆమె కోచింగ్ మానేసింది. పిల్లలు పరుగెడుతుంటే చూడలేకపోయేది. ఒక్కో పిల్ల పెదాల రంగు చూస్తూ కూర్చునేది. క్లబ్బువాళ్లు మంచివాళ్లు, సామాన్ల గది అప్పజెప్పారు. బంతుల్లో గాలి కొట్టడం, చిరిగిన వలలు కుట్టడం, తాళాలు చూసుకోవడం. ఒకరోజు తిన్నగా అంబులెన్సు మాస్టారి ఇంటికి వెళ్లి, జరిగిందంతా చెప్పి, ఇప్పుడేం చెయ్యమంటారని అడిగింది. ఆయన ఓదార్చలేదు.

"నాకు ఈ బొమ్మని మొయ్యడం కష్టంగా ఉంది. నువ్వు మోస్తావా?" అన్నాడు.

ఒక ఏడాది ఆయన వెనక బొమ్మని మోసింది. ఆయన మోకాళ్లు మొరాయించాక పాఠం కూడా ఆమెదే అయింది. ఇన్నేళ్లు విజిల్‌తో గడిపిన మనిషి గంటల తరబడి మాట్లాడటం నేర్చుకుంది. తలకి దెబ్బ తగిలిన పిల్ల 'నేను ఆడగలను' అంటే నమ్మకండి, ఆ మాట అంటున్నది దెబ్బతిన్న తలే అని చెప్పేది. ఎండదెబ్బ తిన్నవాణ్ణి ముందు నీళ్లతో చల్లబరచండి, మొయ్యడం తర్వాత అనేది. చివర్లో ఒక కథ చెప్పేది. 'ఒక కోచ్ ఉండేది. ఒక పిల్ల వచ్చి ఛాతీ బరువుగా ఉందంది. ఆ కోచ్ వినలేదు.' ఆ తర్వాత పిల్ల పడిపోవడం, కోచ్ కాపాడటం. వినడం అయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉంది అని. బాగుంది అనేది. నిజానికి ఆమెకి తెలియదు.

తరగతి అయ్యాక తిరుగు బస్సులో మధ్యాహ్నానికి గదికి చేరేది. కింద సైకిలు షాపు ఆదివారం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో చెవులు చిల్లులు పడేలా మోగే రేకుల చప్పుడు ఆ పూట ఉండదు. బొమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మూతి స్పిరిట్‌తో తుడిచేది. అన్నం వండుకుని, గిన్నెలోనే తినేది. ఒక్కోసారి తింటూ తింటూ బొమ్మతో, 'ఇవాళ ఆ లావుపాటాయన నిన్ను బాగా కుమ్మేశాడు కదా' అనేది. తన గొంతు తనకే వినిపించి నోరు మూసుకునేది. అలా రెండున్నరేళ్లు.

ఆ ఆదివారం తరగతి ఒక స్కూలు రెండో అంతస్తులో. జాబితాలో పది మంది. ఎనిమిది మంది కోచ్‌లు, ఇద్దరు స్కూలు టీచర్లు. కింద పెన్నుతో ఇంకొకటి చేర్చి ఉంది: 'ఒక తల్లి.' కార్యదర్శి రాత కొక్కిరిబిక్కిరి, పేరుండాల్సిన చోట గీతలే ఉన్నాయి. పాఠం మొదలుపెట్టిన పావుగంటకి తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. మెడలో కుట్టుపని కళ్లద్దాలు తాడుకి వేలాడేసుకుని, చేతిలో సంచితో అక్క నిలబడి ఉంది.

జుట్టు సగం నెరిసింది. కాస్త చిక్కింది. అందరూ చెల్లెలి వైపు చూస్తున్నారు, ఎందుకు ఆగిందా అని.

"వచ్చి కూర్చోండి," అంది చెల్లెలు. పుట్టి బుద్ధెరిగాక అక్కని 'అండి' అనడం అదే మొదటిసారి.

అక్క ఆఖరి బల్ల మీద కూర్చుంది. పాఠం సాగింది. గేటు తాళం, పటం, తలదెబ్బ, ఎండదెబ్బ. చెల్లెలి గొంతు మామూలుగానే ఉంది గానీ, చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. చివరికి ఆ కథ దగ్గరికి వచ్చింది.

"ఒక కోచ్ ఉండేది," అని మొదలుపెట్టి ఆగింది. మళ్లీ, "ఒక కోచ్..." అంది. ముందుకి సాగలేదు. ఈత కోచ్, ముందు వరసలో కూర్చున్న చురుకైన అమ్మాయి, మంచినీళ్ల సీసా అందించింది. ఆమె తాగలేదు.

"ఆ కోచ్ నేనే," అంది. "పిల్ల నాకు చెప్పింది. నేను వినలేదు. పైగా శిక్ష వేశాను. పదమూడు రోజులకి పడిపోయింది. బతికింది, బతికించాను, అది వేరే సంగతి. మీకు నొక్కడం రాకపోయినా నేర్పుతాను. వినడం మాత్రం మీరే నేర్చుకోవాలి. పరిగెత్తుతుంటే ఛాతీ బరువుగా ఉందన్నా, కళ్లు తిరిగాయన్నా, ఆ రోజుకి ఆట ఆపెయ్యండి. డాక్టరు చూసి సరేననేదాకా బంతి ఇవ్వకండి. పిల్ల ఏడ్చినా సరే, మీ జట్టు ఓడినా సరే."

ఆ రోజు ఎవరూ 'ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉంది' అని అడగలేదు.

బొమ్మ దగ్గర ఒక్కొక్కరే కూర్చుని నొక్కారు. పదకొండోది అక్క. చీర కుచ్చిళ్లు సర్దుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ముప్ఫయ్యేళ్లు కుట్టుమిషన్ తిప్పిన చేతులు, వాటికి బలం తక్కువేమీ లేదు. కానీ బొమ్మ గుండె మీద పెట్టేసరికి దూదిలా అయిపోయాయి. చెల్లెలు ఎదురుగా కూర్చుంది.

"ఇంకా లోపలికి పోవాలి."

"విరుగుతుందేమో."

"విరిగితే అతుకుతుంది."

అక్క తల ఎత్తలేదు. "దానివి అతికాయి," అంది మెల్లగా. "వాన పట్టినప్పుడు కాస్త సలుపుతాయంటుంది. కాలేజీకి వెళ్తోంది."

రెండున్నరేళ్ల తర్వాత అందిన కబురు అది. చెల్లెలు తన చేతులు తీసి అక్క చేతుల మీద పెట్టింది. మోచేతులు వంచకుండా బరువు వెయ్యమంది. ఇద్దరి బరువూ కలిసి బొమ్మ ఛాతీ దిగబడి, లోపల టక్కుమని చప్పుడైంది. లోతు సరిపోయిందని ఆ బొమ్మ చెప్పే తీరు అది. చెల్లెలు లెక్క పెట్టింది. పదిహేను దాటాక తన చేతులు తీసేసింది. అక్క గమనించలేదు. ఒక్కతే నొక్కుతూనే ఉంది, టక్కు, టక్కు, టక్కు. ముప్ఫై అయినా ఆపలేదు. కళ్లద్దాలు ఊగి బొమ్మ ముఖానికి తగులుతున్నాయి.

"చాలు అక్కా. ఇప్పుడు రెండు ఊపిరులు," అంది చెల్లెలు.

కాగితాలు పంచి, గది తాళం వేసి కిందకి వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. అక్క మెట్ల మొదట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చెల్లెలు రెండు మెట్లు పైన కూర్చుంది. ఎదురుగా స్కూలు ఆవరణలో ఎవరో ఆరేసిన జెండా గుడ్డలు గాలికి ఊగుతున్నాయి.

"నువ్వు చెప్తావని తెలిసే వచ్చాను," అంది అక్క. "ఛాతీలో మిషన్ ఉన్నా ఇంట్లోవాళ్లు నేర్చుకుని ఉండాలన్నారు డాక్టరు. ఇవాళ్టికి ముందు రెండు వారాలూ నీ తరగతి జరిగే చోట గేటు దాకా వచ్చి వెళ్లిపోయాను."

"ఇంకో చోట కూడా నేర్పుతారు అక్కా."

"తెలుసు."

అక్క మెడలోని కళ్లద్దాలని కొంగుతో తుడిచింది.

"నాకూ చెప్పిందే అది," అంది అక్క.

చెల్లెలికి అర్థం కాలేదు.

"నీకు చెప్పిన రోజు రాత్రే. గుండెల్లో ఏదోలా ఉందమ్మా అంది. నేను యూనిఫారాలు కుడుతున్నాను, పొద్దున్నే ఇచ్చెయ్యాలి. తిండి తినవు, ఫోన్ చూస్తూ పడుకుంటావ్, ఇంకేమవుతుంది అన్నాను. తల కూడా ఎత్తలేదు. డాక్టరు అడిగినప్పుడు అది నీ పేరొక్కటే చెప్పింది. నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేను ఇప్పటిదాకా అడగలేదు." సంచి పిడిని మడతపెడుతూ, విప్పుతూ ఉంది. "ఆ వరండాలో నిన్ను అడిగానే, అప్పుడే నేనూ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఇక నీ ముఖం చూడలేకపోయాను. నువ్వు కనబడితే నాకు నేనే కనబడేదాన్ని."

చెల్లెలు మెట్టు అంచు గీరుతూ కూర్చుంది. రెండున్నరేళ్లు తనొక్కతే మోస్తున్నాననుకున్న బరువుకి అవతలి కొస పట్టుకున్న మనిషి ఇన్నాళ్లూ ఉందని తెలిస్తే తేలిక పడాలి కదా. పడలేదు. కోపం వచ్చింది ముందు. ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. గిన్నెలో అన్నం గుర్తొచ్చింది. అంతలోనే అక్క మెడ వెనక నరం లేచి కొట్టుకుంటుంటే కనబడింది, కోపం ఎటు పోయిందో పోయింది.

"బావకి తెలుసా?"

"లేదు. నీకే చెప్పాను."

"సరే."

"ఇంటికి రా అనాలనే ఉంది. కానీ అది ఏమంటుందో... దానికి ఆట పోయిందన్న కోపం ఇంకా పోలేదు. ఎవరి మీదో దానికీ తెలియదు. కొన్నాళ్లు ఆగు."

"ఆగుతాను."

అక్క లేచింది. కుచ్చిళ్లకి అంటిన సుద్దపొడి దులుపుకుంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, చెల్లెలి మోకాలి మీద, ఆ పాత దెబ్బ మీద, ఒకసారి చెయ్యి వేసి తీసింది.

ఇది జరిగి ఏడు నెలలు. విజిల్ మేడమ్ ఇంకా ఆ ఇంటికి వెళ్లలేదు. అయితే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఫోన్ మోగుతుంది. అక్కే. బాగోగులు అడగదు. ఏదో ఒక సందేహం అడుగుతుంది.

"బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ఉండగా పడిపోతే?"

"గడియ తీయించెయ్యి. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించు, లోపలికైతే మనిషి అడ్డం పడితే తెరుచుకోదు."

పై వారానికి గడియ తీయించేశామని, గిలక రెండు రోజులు మాట్లాడలేదని చెప్తుంది. ఇంకో వారం, మంచం మీద పడిపోతే పరుపు మీదే నొక్కొచ్చా అని అడుగుతుంది. కిందకి లాగెయ్యాలి, మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది గానీ గుండె దిగదు అని ఈమె చెప్తుంది. ఒకసారి వెనకనుంచి గిలక గొంతు వినిపించింది.

"అమ్మా, నేనింకా చావలేదని చెప్పు పిన్నికి."

అక్క దాన్ని కసిరింది. చెల్లెలు ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, గొంతు మళ్లీ వస్తుందేమోనని చూసింది. రాలేదు. కానీ ఆ పూట బొమ్మ మూతి తుడుస్తూ చాలాసేపు తనలో తను నవ్వుకుంది. ఆ మాట అనగలిగిందంటే నోరు బాగానే ఉందన్నమాట.

మొన్నటి ఆదివారం ఒంటిగంట దాటినా ఫోన్ రాలేదు. రెండైంది. ఆమె అన్నం మూత తియ్యలేదు. మూడింటికి మోగింది.

"ఇవాళ అడగడానికేం లేదే," అంది అక్క.

"ఊఁ."

ఇద్దరూ ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల అక్క మిషన్ ముందు కూర్చున్నట్టుంది, కాసేపటికి సూది కదిలిన చప్పుడు మొదలైంది. కాస్త దూరం కుట్టి, గుడ్డ తిప్పి, మళ్లీ కుడుతోంది. ఆమె ఫోన్‌ని దిండు పక్కన పెట్టుకుని, గిన్నె ఒళ్లోకి తీసుకుని తినడం మొదలుపెట్టింది.